రవ్వ లేవని సుత్తి

"ఈ సుత్తితో కొడితే రవ్వ లేచి కంట్లో పడదు కదండీ?"

చిలకలూరిపేటలో ఇనప సామాన్ల కొట్టు. అడిగింది ఒక తల్లి. జవాబు చెప్పేది కొట్టాయన.

"పడదమ్మా. పైన ప్లాస్టిక్కు, లోపల ఇనప గుళ్ళు. కొడితే వెనక్కి ఎగరదు. ఏం పనికి?"

"మావాడు మాలిక్, పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరండి. బేరింగు కొడుతుంటే ఇనప సుత్తి అంచు విరిగి, ముక్క తగిలి ఒక కన్ను పోయింది. రెండోదన్నా మిగలాలిగా. తేలికది ఇవ్వండి."

"అరకిలోదానికి బేరింగు కదలదమ్మా. విసుగొచ్చి మళ్ళీ ఇనప సుత్తే పట్టుకుంటాడు. పైగా ఒంటి కంటికి దూరం సరిగా తెలియదు, తల వెడల్పున్నది కావాలి. కిలోన్నరది తీసుకోండి."

"భుజం పడిపోదూ?"

"కన్ను పోయేకంటే నయమేగా. మిల్లువాళ్ళు కొనివ్వరా?"

"వాళ్ళా? కన్ను పోయిన రోజు సుత్తి విరగ్గొట్టాడని తిట్టారు. ఇప్పుడు సొంత సుత్తి తెచ్చుకుంటే సోమవారం నుంచి రమ్మన్నారు."

"ఏ మిల్లమ్మా?"

"బైపాసు పక్కన, నీలం గేటుది."

కొట్టాయన సుత్తిని బల్ల మీద పెట్టేశాడు.

"ఏవండీ, ఇది మావాడికి పనికిరాదా?"

"నిన్ననే ఆ మిల్లు మేనేజరు ఇదే సైజుది కొనుక్కెళ్ళాడమ్మా. పాతవాడి చోట పెట్టుకున్న కొత్త ఫిట్టరుకట."