ఆవిరి డబ్బా

అన్నయ్య పోయాక ఆయన స్పోర్ట్స్ కారు నేనే నడుపుతున్నాను. పొద్దున్నే స్టార్ట్ చేస్తే కారు దగ్గుతూ వణుకుతోందని వదిన ఇంజన్ గొట్టం విప్పి, లోపలికి టార్చి వేసింది.

“వాల్వులు చూసి అదిరిపోకు వదినా. వాటిలో చూసుకుని గడ్డం గీసుకోవచ్చు. ఆవిరి డబ్బా వారం వారం ఖాళీ చేశా మరి!”

“ఏదీ, ఆ గడ్డం ఇటు పెట్టి చూడు. ఏంటిది?”

“కాస్త మసి.”

“కాస్తా? మాడిన పెనంలా ఉంది. ఈ ఇంజన్లో పెట్రోలు వాల్వుల మీద పడదు, మసిని కడిగే దిక్కుండదు. ఆయిల్ ఆవిరి అక్కడిదాకా రాకుండా మధ్యలోనే పట్టుకోడానికేగా మీ అన్నయ్య ఆ డబ్బా పెట్టింది?”

“మసి వల్ల కాదు వదినా. అన్నయ్యే దెయ్యమై కార్లోకి వచ్చి దగ్గుతున్నాడని చెప్పాగా.”

“చెప్పావు. నేను నమ్మాను. రోజూ స్టార్ట్ చేసి, పక్క సీట్లో కూర్చుని ఆయనతో మాట్లాడాను.”

“నిజంగానా?”

“ఇలాగే తిప్పితే ఇంజన్ పోతుందిరా. ఆయనది నాకు మిగిలింది ఇదొక్కటే. డబ్బాకి వెళ్లాల్సిన గొట్టం ఎవరు పీకారు? డబ్బా మూతకి ఈ టేపెవరు చుట్టారు?”

“దెయ్యాలకి టేపు చుట్టడం రాదంటావా?”

“ఒరేయ్.”

“నేనే వదినా. అందులో ఉన్నది అన్నయ్య ఆఖరిసారి నడిపినప్పటి ఆయిల్. పారబోయడానికి చేతులు రాలేదు. కొత్తది కలిస్తే అన్నయ్యది ఏదో తెలీదని గొట్టం పీకేశా.”