పత్తి మూటల జారుడుపలక

మెల్లగా ఆరాయీ! అది నా కాలు, పిండి ముద్ద కాదు!

అక్కడ లేదు నొప్పి. కిందికి. ఇంకా కిందికి. అయ్యయ్యో, అదే! ఆ చోటే!

ముందు ఇది చెప్పు. విరిగిందా, బెణికిందా? వచ్చే నెల ఇరవయ్యో తేదీ నేను స్విట్జర్లాండు పోవాల. మా ఇంటాయన మన పంజాలైకి, అదే నూలు మిల్లుకి, కొత్త మెషీన్లు కొనబోతా ఉన్నారు, నన్నూ పిలుచుకోని పోతానన్నారు. తొమ్మిదేండ్లుగా కాచుకోని ఉన్నా ఈ మాటకి! సరిగ్గా ఇప్పుడే కాలు విరిగిందంటే, ఈ మదురైలోనే మంచం మీద పడి ఏడవాల్సిందే.

ఏమిటికి నవ్వుతావు? స్నానాలగదిలో జారిపడితినని మా అత్త చెప్పెనా? ఆమెకి చెప్పింది నేనే.

నువ్వు నమ్మినట్లు లేదే. ఎముకలు పట్టే చేతులకి అబద్ధం కూడా తగులుతుందా ఏమి? సరే, ఆ తలుపు గడియ పెట్టు. నీ బిడ్డల మీద ఆన, ఎవరితోనూ అనగూడదు.

నేను స్కీ చేస్తిని.

స్కీ అంటే, కాళ్లకి రెండు పొడుగాటి పలకలు బిగించుకోని కొండ మీదనుంచి మంచులో జారడం. కొడైక్కానల్లో ఉందిగా మంచు అంటావా? అది పొగమంచే పిచ్చిదానా! దాని మీద ఎట్ల జారేది? మన ఊరి ఆనమల బండ మీద జారితే ఒంటికి తోలు మిగలదు. నేను చెప్పేది గడ్డకట్టిన మంచు. మోకాలి లోతు, ఉప్పు కుప్ప లెక్క తెల్లగా.

పోయినసారి, తొమ్మిదేండ్ల కింద, మూడు నెలలు ఉంటిమి ఆ స్విట్జర్లాండు ఊర్లో. ఈయన పొద్దున ఏడింటికి మెషీన్ల ఫ్యాక్టరీకి పోతే చీకటి పడినాకే రావడం. నాకు మాట్లాడేదానికి మనిషి లేదు. మేము దిగిన ఇంట్లో రోసా అవ్వ అని, అరవై ఎనిమిదేండ్లు. ఆ వయసులో పాలు కొనుక్కోరావడానికి పలకలు కట్టుకోని గువ్వ లెక్క పోయేది! నేను కిటికీలోనుంచి చూసేది చూసి ఒకనాడు చెయ్యి పట్టుకోని లాగె. కచ్చ పోసి చీర కట్టి, లోపల ఈయన ఉన్ని ప్యాంటు తొడుక్కోని పోయితిని. మొదటి వారమంతా జారిందానికంటే మంచు తిన్నదే ఎక్కువ.

ఆమీద ఒకనాడు పడలేదు. పడలేదు ఆరాయీ! గుడ్డ చింపినట్లు చర్రుమని శబ్దం. చలికి ముక్కు ఉందో రాలిపోయెనో తెలియలేదు. కొంగు వెనకాల పటపటమని కొట్టుకుంటా ఉంది. పదహారేండ్లకి పెండ్లి నాకు. యాడ కూర్చోవాల, ఎంత మెల్లగా నడవాల, అందరూ చెప్పేవాళ్లే. ఆ కొండ మీద మాత్రం నేను గట్టిగా అరిచినా అడిగేవాళ్లు లేరు!

వచ్చేటప్పుడు ఆ పలకలు అవ్వ నాకే ఇచ్చేసె. మెషీన్ల పెట్టెలో దాచి తెస్తిని. ఇవేమిటే అని మా అత్త అడిగితే, సీమ పలకలు అత్తా, వడియాలు ఎండబెట్టేవి అంటిని. ఆ తల్లి నిజంగానే తొమ్మిదేండ్లుగా వాటి మీద వడియాలు పెడతా ఉంది! నీకు పంపించిన వడియాలూ అవేనే!

ఈయన ప్రయాణమని చెప్పినారు, ఇంక నా కాలు నిలిస్తేగదా. ఈరోజు ఆదివారం, పంజాలై లీవు. వాచ్‌మెన్ మాడసామిని పూలకని పంపించేస్తిని. మేడ గోదాంలోనుంచి లారీకి పత్తి మూటలు జారవిడిచే చెక్క పలక ఉందిగా? ఇరవై ఏండ్లుగా మూటలు జారి జారి అద్దమై ఉంది. నా పలకలకి మైనం రుద్దితిని. కింద వేస్టు పత్తి కుప్ప పోస్తిని. పిళ్ళయారప్పా, వినాయకా అని కండ్లు మూసుకుంటిని.

మొదటిసారి కూలబడితిని. రెండోసారీ అంతే. మూడోసారి నేరుగా వచ్చి పత్తిలో గొంతుదాకా మునిగితిని! నేను వేసిన కేకకి గోదాంలో పావురాలన్నీ లేచిపోయె.

నాలుగోసారి సగం దూరం వచ్చితిని, అప్పుడే గేటు తీసుకోని ఈయన లోపలికి వచ్చిరి. నన్ను చూస్తిరి. పోయె మానం అనుకుంటిని. ఈయన తిట్టలేదు. ఆ రోసా అవ్వ భాషలో ఒక కేక వేసిరి. మోకాళ్లు వంచు అని దానికి అర్థం. అవ్వ దినమూ నా వెనకాల అరిచే మాట అది! ఈయనకి ఎట్ల తెలిసె? ఆ ఉలికిపాటుకే పక్కకి పడితిని.

కారులో నవ్వుతా చెప్పిరి. అక్కడ దినమూ మధ్యాహ్నం, అన్నం వేళకి, కొండ కిందికి వచ్చి చెట్టు చాటున నిలబడి నన్నే చూస్తా ఉండిరట.

ఏమంటివి? బెణుకేనా? ఒట్టు? ఇరవై దినాల కట్టు చాలునా! నీ నోట్లో చక్కెర పొయ్య! నీకు అక్కడనుంచి ఉన్ని శాలువ తెస్తా, పో!

ఇంకొకటి చెప్పనా? ఈసారి తానూ నేర్చుకుంటారట. ఇద్దరమూ కలిసి జారుదాం సుబ్బూ అంటిరి. మంచి మనిషే, నేనూ కాదనలేదు. తల ఊపితిని. లోపల మాత్రం ఒకటే కోపం. ఈ ఇంట్లో నగలు అత్తవి, పేరు ఈయనది. ఆ కొండ ఒకటి నాదనుకోని తొమ్మిదేండ్లు కడుపులో దాచుకుంటిని. అక్కడా ఈయన నిలబడే ఉన్నారు.

ఏం చేసేది? రానీ. పక్కనే జారుతారట, జారనీ. నా వేగానికి వస్తేగదా.