శేషయ్య బాబాయ్ చెవి గురించి

ఇందుమూలంగా సభవారికి తెలియజేయడమేమనగా, కాజిల్‌బార్ వర్క్‌షాపు టీ గదిలో నేటినుంచి బిస్కెట్టును మూడు లెక్కపెట్టేలోపు టీలోంచి పైకి తీయవలెను, విరిగి అడుగున పడినదాన్ని పక్కవాడి చెంచాతో తీయరాదు. (నవ్వులు)

అధ్యక్షులు, మా ఓనరు డెక్లన్ గారికి, నేడు రిటైరవుతున్న శేషయ్య బాబాయికి, సరోజమ్మ పిన్నికి, డబ్లిన్ నుంచి శ్రమపడి వచ్చిన పెద్దలకు, భోజనం కోసమే వచ్చిన మిత్రులకు నమస్కారాలు. త్రినాథూ, నువ్వు లేవక్కర్లేదు, కూర్చో. డెక్లన్ గారికి తెలుగు రాదు గనక ఆఫీసులో పనిచేసే కిరణ్మయి నా మాటలు ఆయన చెవిలో ఇంగ్లీషు చేస్తోంది. వెటకారాలు వదిలెయ్యమ్మా.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. లైసెన్సున్న జింకల వేటగాళ్ళ రైఫిళ్ళకు మేం పేలుడు చప్పుడు తగ్గించే సైలెన్సర్లు చేస్తాం. చూడ్డానికి పైపుముక్కే గానీ లోపల వరసగా అతికిన బిళ్ళలుంటాయి, పేలిన ప్రతిసారీ ఆ వేడీ ఒత్తిడీ వాటిమీదే పడతాయి, పైగా మన మేయో జిల్లా వాన తడికి లోపల తుప్పు, అతుకు వెంట్రుకవాసి బీటలిచ్చినా ఎప్పుడో ఒకప్పుడు విడిపోక మానదు. అందుకే బాబాయ్ ప్రతి ముక్కనీ చెవి దగ్గర పెట్టుకుని పెన్సిలుతో కొట్టి వినేవాడు. గంటలా మోగితే పాసు, బొంగురుపోతే వెనక్కి. పదో తరగతి తప్పినవాణ్ణి, నాకది వేళాకోళం.

"డాక్టరుగారూ, పిల్లాడికి దగ్గుందా?" అనేవాణ్ణి.

"నీ గొంతుకంటే నయంరా," అనేవాడు. (నవ్వులు)

రెండేళ్ళ కిందట, 2004లో, దక్షిణాన కెర్రీ జిల్లా నుంచి ఒక వేటగాడి ఉత్తరం వచ్చింది. మీ సైలెన్సరు అతుకు విడిపోయి ముక్కలై బురదలో పోయింది, నా వేళ్ళు కాలాయి, నష్టపరిహారం వద్దు, ఇకనైనా చూసి చేయండి అని. పేరుంది, చిరునామా లేదు. అందరం అది ఉత్తుత్తిదనుకునేలోపే బాబాయ్ లేచి, "ఆ నెల నాకు జలుబు, చెవి దిబ్బడేసింది. నేనే సరిగ్గా వినలేదేమో," అన్నాడు. చెయ్యని తప్పుని అంత శ్రద్ధగా వెతుక్కున్న మనిషిని నేను చూళ్ళేదు. డెక్లన్ గారు ఆయన్ని పాకింగుకి పంపి, ఆయన స్టూలు మీద నన్ను కూర్చోబెట్టారు. నేను కూర్చున్నాను.

ఆనాటినుంచి బాబాయ్ అట్టపెట్టె మూసే ముందు, "సరిగ్గా విన్నావా?" అని నన్నడుగుతాడు. పిన్ని చెప్పింది, చెవి మీద నమ్మకం పోయి రెండుసార్లు జీపీ డాక్టరు దగ్గరికెళ్ళాడట, వంటింట్లో గిన్నెలు కూడా కొట్టి చూసుకుంటాడట. నవ్వకండి. ఇది నవ్వించడానికి చెప్పలేదు.

వచ్చినందుకు అందరికీ కృతజ్ఞతలు. కిరణ్మయీ, ఇక్కణ్ణించి ఒక్క ముక్క వదలకుండా చెప్పు. ఓనరుగారు నా వైపు చూస్తున్నా సరే, ఆపకు.

ఆ ఉత్తరం ఎడంచేత్తో రాసి, కెర్రీ వెళ్ళే లారీ డ్రైవరుకిచ్చి పోస్టు చేయించింది నేను. టీ వేళకి చెప్పి నవ్వుకుందామనుకున్నాను, ఈలోపు స్టూలు దొరికింది, నోరు మూసుకున్నాను. ఏ సైలెన్సరూ విడిపోలేదు, ఎవరి వేళ్ళూ కాలలేదు. ఆ వేటగాడు అసలు లేనే లేడు, బాబాయ్.

సెలవు.