పిల్లనిచ్చిన వైపు గట్టు

ఆ కారియరు అక్కడే పెట్టండి అన్నయ్యగారూ. వరదలో కూతుర్నిచ్చినవాళ్ళకి అన్నం మోసుకొచ్చాడు, చిట్టియ్యగారు ఎంత మంచోరో అని ఈ బళ్ళో తలదాచుకున్న మా పేటంతా మెచ్చుకుంటున్నారు, వినపడిందా? నాకే ముద్ద దిగదు.

కూర్చోండి. బెంచీ తడి లేదులెండి. తడంతా మా ఇళ్ళలోనే ఉంది.

మా పేట సంగతి మీరెరగరా ఏంటి! ఎనభయ్యారులో గోదారి ముంచింది. తొంభయ్యారులో తుఫాను చర్చి కప్పు ఎగరేసుకుపోయింది. ఏడ్చాం, మళ్ళీ కట్టుకున్నాం. గోదారి మీద కోపమేంటండీ? అదేమన్నా మాకు మాటిచ్చిందా, మాతో వియ్యమందిందా?

మీరైతే మాటిచ్చారు.

మన రెండూళ్ళ మధ్య డ్రెయిను కాలవ పొంగిందంటే మీ ఊరోళ్ళు ఆ గట్టు మీద, మా పేటోళ్ళు ఈ గట్టు మీద, పారలు పట్టుకుని కాపలా. అవతలి గట్టుకి గండి కొడితే ఇవతలి ఊరు బతుకుతుంది గనక! మా తాతల నించీ ఇదే వరస. మా ఆశాజ్యోతిని మీ అబ్బాయికిచ్చాక కదా ఆ భయం వదిలేసుకున్నాం.

మొన్న ఆదివారం కూడా మా బుల్లియ్య బావ, "జ్ఞానమ్మా, ఓ ఇద్దరం గట్టు మీద ఉంటాం" అన్నాడు. నేనే నవ్వాను. "పిల్లనిచ్చిన ఊరు బావా. అన్నయ్యగారు మనింట్లోకి నీళ్ళొదుల్తారా? పదండి ఆరాధనకి" అని అందర్నీ లాక్కుపోయాను.

పాస్టరుగారు ప్రసంగం మొదలెట్టనే లేదు, నీళ్ళు చర్చి మెట్లెక్కేశాయి.

మేం ఎలాగో బయటపడ్డాం. రత్నమాణిక్యం మామ్మ మంచం పట్టి ఉంది కదండీ, ఎక్కడికి లేస్తుంది? ఆ మంచంలోనే పోయింది. మన పిల్లల పెళ్ళికి అరిసెలు వండిన చేతులండీ అవి! అడిగి మరీ రెండోసారి వేయించుకున్నారు మీరు.

ఏంటి, తల దించుకుంటారు? గట్టు దానంతటది తెగిందంటారా?

ఇదిగో, ఈ దుప్పటి విప్పి చూడండి. ఈ పార గండి పక్కన బురదలో నాకు దొరికింది. దీని కర్ర మా ఆయన చెక్కిందే. పెళ్ళయిన ఏడాది నాట్లప్పుడు అల్లుడికిచ్చి ఎంత మురిసిపోయాడని! ఆయనకి చూపించలేదు. చూపిస్తే మావాళ్ళు మీ ఊరి మీద పడతారు, తలకాయలు పగులుతాయి. నా కూతురు కడుపుతో ఆ ఇంట్లో ఉంది.

పొద్దున్న ఆఫీసరుగారొచ్చి అడిగితే, పీత బొరియలు పడి గట్టు తెగిందండీ అన్నాను. మామ్మ కొడుకు నా పక్కనే నిలబడున్నాడు. అతను వింటుండగానే అన్నాను. చాలా? మీరొచ్చింది ఇందుకేగా? తీసుకుపొండి మీ పార.

ఆగండి. ఇంకొక్క మాట.

ఆదివారం పొద్దున్న జ్యోతి ఫోన్ చేసింది. "గట్టు మీద మనోళ్ళెవరైనా ఉన్నారా అమ్మా?" అంది. నా పిల్ల మా కోసం బెంగెట్టుకుందనుకున్నాను. "ఎవరూ లేరు తల్లీ, అందరం చర్చికే" అని చెప్పాను.

మీరే అడిగించారు కదూ? పక్కన నిలబడి, గదమాయించి అడిగించారు కదూ?

అవుననండి అన్నయ్యగారూ. అబద్ధమైనా సరే, అవునని ఒక్క మాటనండి.