సినిమాలో మన తలుపు

ఏం సినిమా అండీ అది! మీ కథట. మీ పాటలు ఆరూ పెట్టుకున్నారు గానీ, మిమ్మల్ని మాత్రం మచ్చుకైనా పెట్టలేదు.

జుట్టు చూడాలి ఆ హీరోకి! భుజాల దాకా, గాలికి ఎగురుతూ. మీకేమో ముప్పై ఏళ్లకే బట్టతల, చలికాలమంతా ఉన్ని టోపీ. పైగా ఎక్కడ చూసినా కొవ్వొత్తులే. మన ఇంట్లో బల్బు లేదనుకున్నారో ఏమో! ఆపైన మీకొక ప్రియురాలట. మీకు! కట్టుకున్నదానితో నాలుగు మాటలు మాట్లాడ్డానికే బద్ధకించే మనిషికి! నవ్వాపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. పక్కన చెల్లెలు గిల్లింది.

సినిమాలో పాటలు ఎలా పుట్టాయనుకుంటున్నారు? ఉరుము ఉరిమితే ఒకటి, ప్రియురాలు అలిగితే ఒకటి. మీరేమో గదిలో అటూ ఇటూ నడుస్తూ, ఒకే వరుసని నలభైసార్లు పాడి, అది కుదరక నా మీద విసుక్కునేవారు. అది చూపిస్తే జనం లేచి ఇళ్లకి పోరూ!

నన్నూ పెట్టారులెండి. మంచినీళ్ల గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడే భార్య. చేతిలో కలం లేదు. మీరు కాగితం ముట్టుకోరనీ, ఎదురుగా మనిషుంటే మీకు వరుస రాదనీ, మీరు తలుపేసుకుని పాడుతుంటే నేను బయట నేల మీద కూర్చుని స్వరాలు రాసుకునేదాన్ననీ వాళ్లకేం తెలుసు? నేనే చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో కూడా చెప్తాను, ఉండండి.

విశ్రాంతి తర్వాత బుజ్జి వచ్చింది. మన బుజ్జి. నాలుగేళ్ల దానికి ఆరేళ్ల పిల్లని పెట్టారు. ముద్దుగానే ఉంది. అక్కణ్ణుంచి నాకు నవ్వు రాలేదు.

జ్వరం. లోపల మీరు పాడుతున్నారు. సినిమాలో నేను పిల్లని కింద పడుకోబెట్టి, రెండు చేతులా తలుపు బాదుతున్నాను. “తియ్యండి, బుజ్జికి ఏదో అవుతోంది!” అని గొంతు చించుకుంటున్నాను. మీరు కళ్లు మూసుకుని పాడుతూనే ఉన్నారు. హాలంతా వెక్కివెక్కి ఏడ్చింది. నా వెనకాలావిడ “ఛీ, వీడూ ఒక తండ్రేనా!” అంది.

మిమ్మల్ని అందండీ ఆ మాట.

బయటికొచ్చాక చెల్లెలు నా భుజం మీద చెయ్యేసి, “ఎంత భరించావే అక్కా!” అంది. భరించింది నేనా? రిక్షా ఎక్కాను.

దర్శకుణ్ణి తిట్టడానికీ లేదు. పాపం, మర్యాదస్తుడే. ఇంటికొచ్చి, “ఆ రోజు ఏం జరిగిందమ్మా?” అని అడిగాడు. మిగతాదంతా అతని కల్పన, తలుపు బాదడం ఒక్కటే నేను చెప్పింది. ఆనాడు మీతో చెప్పిందే అతనితోనూ చెప్పాను. మాట మార్చగలనా మరి? బయట కూర్చుని రాసేదాన్నని చెప్తే, “ఆ రోజు కూడా రాస్తున్నారా?” అని అడగడూ?

డాక్టరు గుర్తున్నాడు కదా. “ఒక్క గంట ముందు తెచ్చి ఉంటే” అన్నాడు. మీరు నా వైపు తిరిగి, “నన్ను పిలవలేదేం?” అన్నారు. గట్టిగా కూడా అనలేదు. నోటికేదొస్తే అది అనేశాను. “తలుపు కొట్టాను. మీకు వినబడలేదు.”

మీరు నమ్మారు. మళ్లీ ఒక్కనాడూ అడగలేదు. మర్నాడు స్క్రూడ్రైవర్ తెచ్చుకుని ఆ తలుపు ఊడదీసి పెరట్లో పారేశారు. ఆ తర్వాత పంతొమ్మిదేళ్లు బతికారు, ఒక్క వరుస కట్టలేదు. ఆ రోజు కట్టిన పాట ఎక్కడ ఎవరు ఎత్తుకున్నా లేచి వెళ్లిపోయేవారు. జనం పొగరనుకున్నారు. నేను మీ వెనకాలే నడుస్తూ, ఇవాళ చెప్పేద్దాం, ఇవాళ చెప్పేద్దాం అనుకునేదాన్ని. చెప్తే మీరు నా మొహం చూడరని భయం. అప్పటికి నాకు మిగిలింది మీరొక్కరే కదండీ.

మీరు పోయి మూడేళ్లు. ఇప్పుడు మీ ఖాళీ కుర్చీ ముందు కూర్చుని చెప్తున్నాను, నా బతుక్కి ఇదే ధైర్యం.

నేను తలుపు కొట్టలేదు. వేలైనా ఆనించలేదు.

బుజ్జి నా ఒళ్లోనే ఉంది. ఒళ్లు కాలిపోతోంది. మూడు నెలలుగా రాని వరుస మీకు ఆ రోజే దొరికింది. మధ్యలో ఆపితే మళ్లీ మీకు గుర్తుండదని నాకు తెలుసు. ఎడంచేత్తో దాన్ని జోకొడుతూ కుడిచేత్తో రాస్తున్నాను. ఈ చరణం అయ్యాక పిలుద్దాం అనుకున్నాను. అయింది. ఇంకోటి మొదలైంది. అది ఎటు తిరుగుతుందో విందామనిపించింది. అంత బావుందండీ ఆ పాట. అందులో పడి లోకం మరిచింది మీరు కాదు, నేను.

బుజ్జి “అమ్మా” అంది. రెండుసార్లు అంది. నేను దాని పెదాల మీద వేలు పెట్టి, “ష్... నాన్న పాడుతున్నారు” అన్నాను.