లేచావా, కిషోర్?

ఆ పొద్దున ఆకాశమే నేలకు దిగినట్టు గరికపాడంతా పొగమంచు పట్టింది. లారీలు ఎక్కడున్నాయో చెప్పే ఆఫీసులో ప్రేమకుమారి తెరను పెద్ద ఇంజనీరు భవానీప్రసాద్ వైపు తిప్పింది. మిషన్ రోజూ ఎందుకు ఆగిపోతోందో ఇవాళ తేలకపోతే ఆమె ప్రోగ్రాం తీసేస్తారు.

"మిషన్ మెమరీ తినేది నా ప్రోగ్రాం కాదు సార్. మిషన్‌ని నడిపే కెర్నెల్ లోపల దాచిన మెసేజ్‌లు. అవి ఏ ప్రోగ్రాం లెక్కలోనూ పడవు. అందుకే నిందంతా నా మీద పడింది."

"అదెందుకు దాస్తుందమ్మా?"

"ఒక ప్రోగ్రాం పంపింది ఇంకోటి అందుకునేదాకా అదే మొయ్యాలి కదండీ. ఇక్కడ రోజూ పొద్దున్నుంచి ఎవరో క్షణానికి వందసార్లు మెసేజ్‌లకి కొత్త వరస, క్యూ, తెరిచి పంపుతున్నారు. అందుకునే ప్రోగ్రామే లేదు."

"ఏం పంపుతున్నారు?"

"'లేచావా, కిషోర్?' అంతే."

ఆయన లేచి కిటికీ దగ్గరికెళ్లి, మంచులో తేలిపోతున్న లారీ దీపాల్ని చూశాడు.

"కిషోర్ ఇక్కడే నా దగ్గర పనిచేసిన కుర్రాడమ్మా. వాడిలాగే వాడు రాసిన ప్రోగ్రామూ మొద్దునిద్రదే. మెసేజ్ పంపి తడితేగాని లేచేది కాదు. వాడు చనిపోయాక దాన్ని తీసేశాం."

"మరి ఈ తట్టేది?"

"నేను రాసిందే. జవాబొచ్చేదాకా తడుతూనే ఉంటుంది. రోజూ ఆపుదామనే కూర్చుంటా. కానీ వాడెక్కడో వింటున్నాడేమో అనిపిస్తుంది."

"వినట్లేదండీ. మెసేజ్‌లన్నీ ఎవరూ అందుకోకుండా అలాగే ఉన్నాయి."

"నీ మీదకొస్తుందని తెలీదమ్మా. పైవాళ్లకి నేనే చెప్తా."

"తుడిచెయ్యనా సార్?"

"ఉండు... నేను తుడుస్తా."

ఆయన తుడుస్తుంటే తెర మీద మెమరీ చూపే గీత మెల్లగా కిందికి దిగింది. ప్రేమకుమారి డబ్బా మూత తీసి, సగం పులిహోర ఆయన ముందుకు జరిపింది. ఇద్దరూ కలిసి తిన్నారు.