కుళాయి కారుతోందని చెప్పు

మేడ మీది గది. మంచం మీద నానమ్మ, మనవరాలు. మధ్యలో ఫోను.

"రికార్డు నొక్కావా?"

"ఆగు నానమ్మా, ఏం చెప్పాలో ముందు అనుకుందాం. అత్త సూటిగా అడిగింది కదా. పరాయి దేశంలోనే ఉండిపోనా, మీ దగ్గరికి వచ్చేయనా అని."

"వచ్చేస్తే ఈ గది దానిదే కదే."

"అదేగా నా ఏడుపు! మళ్లీ కిందికొచ్చి నీ పక్కన పడుకోవాలి. నీ గురక వింటూ."

"నేను గురక పెడతానా?"

"లేదులే, రాత్రంతా ఎవరో లారీ వెనక్కి తీస్తుంటారు."

"సరే సరే. అయితే వద్దని చెప్పేద్దాం."

"నిజంగానా? నీ కూతురు నానమ్మా! బెంగ లేదూ?"

"బెంగదేముంది, వస్తుంది, పోతుంది. నీ చదువు ముఖ్యం."

"మా నానమ్మ బంగారం! కానీ రావద్దంటే నొచ్చుకుంటుందేమో."

"రావద్దని ఎందుకంటావు? ఇల్లు బాగాలేదను. కుళాయి కారుతోందను."

"కారట్లేదుగా?"

"నువ్వు సరిగ్గా కట్టవుగా, అదే కారడం. మెట్ల రెయిలింగు ఊగుతోందను."

"ఊగట్లేదే!"

"నేను పట్టుకుంటే ఊగుతుంది."

"ఊగేది నువ్వు!"

"నోర్ముయ్. ఫ్యాను కిర్రుమంటే మీ నాన్న నూనె పోశాడని చెప్పు."

"వంటనూనె పోశాడు!"

"ఆ, వంటనూనె. అది మాత్రం మరిచిపోకు."

"పాపం నాన్న. అత్తేమో లిఫ్టులు బాగుచేసే మనిషి. వింటే గుండె ఆగిపోతుంది."

"ఏం ఆగదు. నొక్కు."

"హు... హలో అత్తా, నేనే. నువ్వొస్తే మాకూ ఇష్టమే. కానీ కుళాయి కారుతోంది, రెయిలింగు ఊగుతోంది, ఫ్యానులో నాన్న వంటనూనె పోశాడు. ఈ గోల నీకెందుకు? అక్కడే హాయిగా ఉండు... పంపేశా. అమ్మయ్య! ఇలాంటి కొంపకి ఎవరొస్తారు?"

"ఎవరొస్తారు మరి."

"అయ్యో, అప్పుడే జవాబు!"

"పెట్టు, మీ అత్త ఏమందో విందాం."

"అమ్మా! అన్నయ్యని ఆ ఫ్యాను దగ్గరికి పోనివ్వకు. రెయిలింగు ఎవరూ ముట్టుకోకండి. ఇవాళే ఉద్యోగం మానేస్తున్నా. వచ్చి నేనే చూస్తా!"

"నానమ్మా! ఇదేంటి?"

"ఏమో మరి."

"నవ్వుతున్నావు! కొంగు అడ్డం పెట్టుకున్నా తెలుస్తోంది. నీకు ముందే తెలుసు కదూ?"

"ఇన్నేళ్లూ రావే తల్లీ, రావే అని బతిమాలా. అంతా బాగానే ఉందిగా, నేనెందుకు అనేది. చిన్నప్పటి నుంచీ అంతే, ఏదో ఒకటి పాడైందంటేనే దాని కాలు నిలవదు."

"మరి నా గది?"

"అది తర్వాత. ముందు లేచి ఆ కుళాయి కాస్త వదులు చెయ్యి. మీ అత్త వచ్చేసరికి కారుతూ ఉండాలి కదా."